రోజుకు వెయ్యి చుట్లు

లసుమవ్వ ఎడమకాలి బొటనవేలు మీ దగ్గరుంది. బుకాయించకండి. కోసింది డాక్టరే, కాదనేవాళ్లు లేరు. కోయించింది మీరు. చల్లటి గదిలో గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని, బిస్కెట్లు కొరుకుతూ, ముసలివాళ్ల ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో ముసలివాళ్ల మొహం చూడకుండానే తేల్చవచ్చని చప్పట్లు కొట్టి తీర్మానించిన పెద్దమనుషులు మీరు. ఆ తీర్మానం రేగుంట దాకా వచ్చి ఏం చేసిందో మీకెవరూ చెప్పి ఉండరు. మీ కింద పనిచేసేవాళ్లు చెప్పరు, అంకెలు పంపుతారు. కాబట్టి ఇప్పుడైనా వినండి.

రేగుంట బీడీల ఊరు. ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట పెట్టుకున్న ఆడమనిషి కనిపిస్తుంది. చాటలో తడిపిన తునికాకు, తంబాకు, కత్తెర, దారపు ఉండ. గాజెంగి లసుమవ్వకు డెబ్బై ఒకటి. పదకొండో ఏట ఒళ్లోకి వచ్చిన చాట ఇంకా దిగలేదు. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. పక్కింటి ఖాజాబీయే ఆమెకు చెల్లెలు, చుట్టం, తిట్టేవాళ్లు, పెట్టేవాళ్లు అన్నీ.

పోయిన ఎండాకాలం లసుమవ్వ ఎడమ అరికాల్లో తుమ్మముల్లు దిగింది. ముల్లు వచ్చింది గానీ పుండు పోలేదు. చక్కెర జబ్బు ఒళ్లు మరి. పెద్దాసుపత్రి డాక్టరు చూసి ఒకటే మాట చెప్పాడు. "కాలు నేల మీద మోపొద్దు. వారానికి రెండుసార్లు కట్టు మార్పించుకో. గట్లయితే కాలుంటది. లేకుంటే ముందు వేళ్లు పోతయి, తర్వాత పాదం."

కట్టు మార్చడానికి నర్సు స్వరూప వచ్చేది. సోమవారం, గురువారం, పొద్దున తొమ్మిదింటికి స్కూటీ చప్పుడు. నాలుగు నెలల్లో నిమ్మకాయంత పుండు చింతగింజంత అయింది. ఊళ్లో ఎవరి ఇంటికి పోవాలో, ఎవరిని దవాఖానాకు రమ్మనాలో స్వరూపే తేల్చుకునేది. గడపలో నిలబడి చూసేది. మంచం దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారా, చెంబు ఎత్తేటప్పుడు చెయ్యి వణుకుతోందా, "మంచిగనే ఉన్న బిడ్డా" అనే గొంతులో ఎంత అబద్ధం ఉంది, అంతా చూసేది. పన్నెండేళ్లుగా ఆ పని చేస్తోంది.

అదే తప్పన్నారు.

దృఢవృద్ధ పథకం రేగుంటకు వచ్చిన రోజున వాడలో మైకు పెట్టారు. జిల్లా చలన సూచిక సమన్వయాధికారి ప్రభంజన్ రావు గారు లసుమవ్వ అరుగు ముందే నిలబడి మాట్లాడారు. నీడ అక్కడే ఉంది.

"బలహీనత అనేది అభిప్రాయం కాదు. బలహీనత ఒక సంఖ్య. ఇంతవరకు సదరు బలహీనతను నర్సులు కంటితో చూసి నిర్ణయించడం జరిగింది. కన్ను ఆత్మాశ్రయం. కంటికి జాలి ఉంటుంది. యంత్రానికి జాలి లేదు, కనుక న్యాయం ఉంటుంది. ఈ పరికరాన్ని పదిహేను రోజులు చేతికి ధరించిన యెడల, మీ చలనమును బట్టి మీరు బలహీనులో దృఢులో యంత్రమే తేల్చును. పైగా ఇది తనంతట తాను నేర్చుకునే యంత్రం."

ఖాజాబీ చాటలోంచి తలెత్తింది. "ఎవరి కాడ నేర్సుకుంటది సారూ?"

"డేటా దగ్గర."

"ఆయనది ఏ ఊరు?"

వాడ వాడంతా నవ్వింది. ప్రభంజన్ రావు గారు నవ్వలేదు. అజ్ఞానాన్ని గమనించినట్టుగా డైరీలో ఏదో రాసుకున్నారు.

నల్లటి పట్టీ, దానికో బిళ్ల. జనం దానికి సర్కారు కడెం అని పేరు పెట్టారు. అరవై దాటిన ప్రతి కుడిచేతికీ ఒకటి తొడిగారు. తొడిగే ముందు వివరాలు రాసుకోవడానికి పట్నం నుంచి వచ్చిన సర్వేయరు ఒకాయన కూర్చున్నాడు. అతని చేతిలో పలకలాంటి ఫోను. మనిషిని చూడకూడదని శిక్షణలో గట్టిగా చెప్పినట్టున్నారు, పలకలోంచి తల ఎత్తలేదు.

"ఏం చేస్తావమ్మా?"

"ఏం జేస్త బిడ్డా. సుడుత."

"రోజుకెన్ని?"

"ఎన్కట పన్నెండు నూర్లు సుడుతుంటి. ఇప్పుడు వెయ్యి. చేతులు గుంజుతున్నయి."

సర్వేయరు పలక మీద కొట్టాడు. దినచర్య: చుట్టుట. పరిమాణం: రోజుకు వెయ్యి. ఆమె ఒళ్లో చాట ఉంది. చాటలో అప్పటికే అరవై బీడీలున్నాయి. తల ఎత్తితే కనిపించేవి.

పదహారో రోజు గురువారం. స్కూటీ చప్పుడు వచ్చింది గానీ స్వరూప చేతిలో సంచీ లేదు. గడపలోనే నిలబడి తన ఫోను చదివింది.

"అభినందనలు! మీ దృఢత్వ స్థాయి అత్యుత్తమం. మీరు రోజుకు సగటున ఇరవై తొమ్మిది వేల అడుగులు నడుస్తున్నారు. మీ వయసు వారిలో జిల్లాలో మీదే మొదటి స్థానం. ఇకపై మీకు ఇంటివద్ద సేవలు అవసరం లేదు. మీ స్థానాన్ని ఒక బలహీనునికి వదిలినందుకు ధన్యవాదాలు."

లసుమవ్వ బీడీ చుట్టడం ఆపింది. "నేనెక్కడ నడిసిన్నే? ఎండాకాలం సంది వాకిట్ల కాలు వెట్టలె."

"నువ్వు నడవలే అవ్వా. నీ చెయ్యి నడిసింది."

అది అంతే. ఆకు కత్తిరిస్తే రెండు అడుగులు. తంబాకు పోసి చుడితే ఆరు. మూతి మలిచి దారం కడితే ఇంకో పది. చుట్టేటప్పుడు ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది కదా, ఆ ఊపును యంత్రం హుషారైన నడకగా రాసుకుంది. లసుమవ్వ అరుగు మీద కూర్చుని రోజూ ఇరవై కిలోమీటర్లు పోయి వస్తోంది. కడెం లెక్క తప్పలేదు. కదలిక కదలికే. కూర్చుని కూడా మనిషి బతుకు ఈడుస్తుందన్న సంగతి ఒక్కటే దానికి ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు నా కాలెట్ల బిడ్డా?"

"ఇరవై తొమ్మిది వేల అడుగులేసే మనిషి మూడు కిలోమీటర్లు నడిసి దవాఖానాకు రాలేదా అంటున్నరు."

స్వరూప ఫోనులో లసుమవ్వ పేరు మాయమైంది. పేరు లేకపోతే స్టోరులో దూది ఇవ్వరు, కట్టుగుడ్డ ఇవ్వరు. అయినా సంచీ అడుగున మిగిలిన దూదితో ఆమె రెండుసార్లు వచ్చి కట్టు మార్చింది. మూడోసారి మెమో వచ్చింది. "దృఢుల పాదములకు ప్రభుత్వ దూదిని వినియోగించినందున మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా తెలుపవలెను." ఇద్దరు పిల్లల తల్లి, కాంట్రాక్టు కొలువు. స్వరూప ఆగిపోయింది. ఖాజాబీ పాత నూలు చీర ఉడకబెట్టి చింపి కట్టు కట్టింది. చింతగింజ మళ్లీ ఉసిరికాయ అయింది.

అప్పీలు చేసుకోవచ్చన్నారు. అప్పీలుదారు స్వయంగా హాజరు కావాలి. హాజరు కావలసిన ఆఫీసు జిల్లా కేంద్రంలో, మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లు ఎక్కగలిగితే ఆమెకు అప్పీలు అవసరం లేదు, ఎక్కలేకపోతే అప్పీలు లేదు. ఇంత చక్కగా ఆలోచించినవాళ్లెవరో గానీ జిల్లాకు దొరికిన వరం.

ఖాజాబీ ఆటో మాట్లాడింది. కింద ఇద్దరు అటెండర్లు జాలి కలిగినవాళ్లు దొరికారు. జాలి ఉందన్న సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. లసుమవ్వను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇరవై ఎనిమిది మెట్లు మోసుకెళ్లారు. కడెం కిర్రుమంది. "శభాష్! మీరు ఒక అంతస్తు ఎక్కారు."

ప్రభంజన్ రావు గారు ఫైలు తెరిచారు. కుర్చీలో ఉన్న మనిషి వైపు చూడలేదు, నిబంధన ప్రకారం.

"మీ వివరాలు నిశితంగా పరిశీలించడం జరిగింది. యంత్రం ఇరవై తొమ్మిది వేలు అంటున్నది. యంత్రం మాట ఒక్కటే అయితే సందేహించవచ్చు. కానీ మీరు స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం కూడా దానితో సరిపోలినది. ఇదుగో. దినచర్య: చుట్టుట. రోజుకు వెయ్యి. అంటే మీరు ఊరిని రోజుకు వెయ్యిసార్లు చుట్టి వస్తున్నారు. వెయ్యి అనేది కొంత అతిశయోక్తి అని నా వ్యక్తిగత అభిప్రాయం. సగం తీసేసినా మీరు దృఢులే."

లసుమవ్వకు అర్థం కాలేదు. ఖాజాబీకి అయింది.

"యా అల్లా! సారూ, ఆమె సుట్టేది బీడీలు. ఊరు గాదు!"

ప్రభంజన్ రావు గారు ఫైలు మళ్లీ చదివారు. వేలితో ఒక్కో గడి మీదా ఆగుతూ చదివారు. "బీడీలు అని ఎక్కడా లేదు. చుట్టుట అని ఉన్నది. ఏమి చుట్టుట అనే గడి మన దరఖాస్తులో లేదు. క్రియ ఉన్నది, కర్మ లేదు."

"కర్మ మాదే సారూ," అంది ఖాజాబీ. "కాయితం మీద ఉండదు."

పక్క బల్ల దగ్గరి గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. లసుమవ్వ కాలు ముందుకు చాపింది. ఉడకబెట్టిన చీరపేలిక మీద పసుపుపచ్చ మరక. "సారూ, నడిసిందో నడవలేదో గీ కాలునే అడుగు. ఒక్కపారి సూడు."

"చూడరాదు. పద్నాలుగో నంబరు సర్క్యులర్. వ్యక్తిని కంటితో చూసి నిర్ణయించడం పక్షపాతమునకు దారితీయును." ఆయన కళ్లు మూసుకోలేదు, కిటికీ వైపు తిప్పుకున్నారు. మనిషి చెడ్డవాడు కాదు. కళ్లు తిప్పుకోవడానికి కొంచెం కష్టపడ్డాడు కూడా. "అయినా మానవతా దృక్పథంతో ఒక అవకాశం ఇస్తున్నాను. ఏడు దినముల పునఃపరిశీలన. ఈ ఏడు దినములు చేతితో ఏ పనీ చేయరాదు. చేయి కదలకున్న యెడల మీ నిజమైన స్థితి బయటపడును."

లసుమవ్వ అధికారి మాటను దేవుడి మాటగా పట్టుకునే తరం మనిషి. కదలొద్దంటే కదలొద్దు. ఇంటికి వచ్చి కుడిచేతిని దిండు మీద పెట్టింది, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. చాట గోడకు ఆనించింది. అరవై ఏళ్లలో చాట గోడకెక్కడం అదే మొదలు. ఎడమచేత్తో తినడానికి మనసొప్పలేదు. ఖాజాబీయే ముద్దలు కలిపి పెట్టింది.

"నా పెండ్లి నాడు గూడ గిట్ల తినిపియ్యలె ఎవ్వరు," అంది లసుమవ్వ.

"నాకు దొరికినవు గద ముసలి పెండ్లికూతురా. నోరు తెర్వు. చెయ్యి కదిలిందో, చంపుత."

రెండు రోజులు కుడిచెయ్యి వెంట్రుకవాసి కదల్లేదు. మూడోరోజు పొద్దున పంచాయతీ కార్యదర్శి వచ్చాడు. వాకిట్లోనే చెప్పులు విడిచి, మొహం దిగాలుగా పెట్టుకుని లోపలికి వచ్చాడు. మంచం మీద కూర్చుని ఉన్న లసుమవ్వను చూసి ఆగిపోయాడు.

"అవ్వా... నువ్వున్నవా?"

"ఏడికి వోత బిడ్డా?"

కార్యదర్శి జేబులోంచి కాగితం తీశాడు. అది సంతాప లేఖ. నలభై ఎనిమిది గంటలు చలనం లేని పరికరం తాలూకు వృద్ధులు కాలధర్మం చెందినట్టు యంత్రం రాసుకుంటుంది. "దృఢవృద్ధ కుటుంబం ఒక ఉత్తమ నడకరిని కోల్పోయినది" అని ఉంది అందులో. కింద జిల్లా ముద్ర.

"గిదేంది సెక్రెట్రీ, బతికున్న మనిషికి?" ఖాజాబీ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నాకేమెర్క అక్కా. నాకు ముట్టజెప్పుమన్నరు. కుటుంబసభ్యుల వేలిముద్ర కావాలె."

"కుటుంబమంటే ఆమెనే. ఒక్కతే."

కార్యదర్శి ఇంకు డబ్బా తెరిచాడు. గాజెంగి లసుమవ్వ మరణించినట్టు తెలిపే లేఖ ముట్టినట్టుగా గాజెంగి లసుమవ్వ కుడి బొటనవేలి ముద్ర వేసింది. వేసేటప్పుడు చెయ్యి కదిలింది కదా. కడెం కిర్రుమంది. కార్యదర్శి ఫోను చూసుకున్నాడు. "మరణానంతర చలనం: ఒకటి. పరిగణించబడదు."

"ఇప్పుడు నన్ను లేపాల్నంటే ఏం జేయాలె?"

"చచ్చినోళ్లు వరుసగ ఒక దినమంత కదిలితే బతికినట్టు రాసుకుంటదట, అవ్వా."

లసుమవ్వ చాట అందుకుంది. రెండున్నర రోజుల ఆకలి ఉంది చేతులకు. ఆ రోజు పన్నెండు వందలు చుట్టింది. మరునాడు ఉత్తర్వు వచ్చింది. "సదరు లబ్ధిదారు మరణించి, పునరుజ్జీవనం పొంది, అదే దినమున ముప్పై నాలుగు వేల అడుగులు నడిచినారు. ఇంతటి కోలుకొను శక్తి రాష్ట్రంలో నమోదు కాలేదు. అప్పీలు తిరస్కరించడమైనది."

బీడీలు చుడితే పరుగుపందెగత్తె. చుట్టకపోతే శవం. ఈ రెంటి మధ్య, కాలు పుండు పట్టిన ముసలిదాన్ని అని చెప్పుకోవడానికి ఆ కడెంలో చోటు లేదు. ఉసిరికాయ అప్పటికి మళ్లీ నిమ్మకాయ.

ఉపాయం ఖాజాబీకి తట్టింది. ఖాజాబీకి ఒక బర్రె ఉంది, పేరు బేగం. పదిహేడేళ్ల ముసలిది, పాలు లేవు, దూడ లేదు. కోతకు అమ్మడానికి మనసు రాక ఉంచుకుంది. లేవాలంటే అరగంట. లేచాక ఎందుకు లేచానా అని ఆలోచిస్తూ ఇంకో అరగంట నిలబడుతుంది.

"లసుమక్కా, కడెం ఇటు దే. దీనికంటె బలహీనురాలు ఈ ఊళ్లె ఎవరున్నరు?"

"అది రాదే. తాళం వేసిండ్రు."

ఖాజాబీ పట్టుకుని మెల్లగా లాగింది. లసుమవ్వ మణికట్టు ఎంత సన్నబడిందంటే, తాళం తాళంగానే ఉండగా కడెం గాజులా జారి వచ్చేసింది. ఇద్దరూ కాసేపు ఆ చేతివైపే చూశారు. ఆ జారడంలో చదవాల్సిందంతా ఉంది, చదివే యంత్రం మాత్రం లేదు. తర్వాత ఖాజాబీ బీడీ దారంతో ఆ కడెం బేగం కొమ్ముకు గట్టిగా కట్టింది.

పదిహేను రోజులకు ఫలితం వచ్చింది. "అతి బలహీనం. దినమునకు మూడు వందల పది అడుగులు. తరచూ తల విదిలించుట: నరముల బలహీనత. దీర్ఘకాలం ఒకేచోట నిలబడుట: దిగులు. అహర్నిశలు కొనసాగు సన్నని లయబద్ధమైన కంపనం: కారణం తెలియదు, ఆందోళనకరం. ఇంటివద్ద సేవలు వారానికి మూడుసార్లు."

ఆ కంపనం నెమరు.

స్వరూప సంచీతో వచ్చింది. సంచీలో కొత్త దూది, కట్టుగుడ్డ, మందు. అయితే కట్టు కట్టిన అవయవమూ కడెమూ ఒకే ఫోటోలో పడాలని నిబంధన. కనుక లసుమవ్వను కొట్టంలోకి మోసి, నులక మంచం మీద కూర్చోబెట్టి, కాలు ఎత్తి బేగం కొమ్ము పక్కన పెట్టి ఫోటో తీశారు.

"కదలకే బేగం," అంది ఖాజాబీ. "నువ్వే లసుమవ్వవు."

"అది కదలదు," అంది లసుమవ్వ. "నాలెక్క తొందరపాటు మనిషి గాదు."

ఆరు వారాలు నడిచింది. కొట్టంలో పేడవాసన మధ్య పుండు ఆరడం మొదలుపెట్టింది. స్వరూప ఒకరోజు కట్టు విప్పి, లోపలి ఎర్రటి కొత్త చర్మాన్ని చూపించింది. లసుమవ్వ ఆ రోజు బేగానికి తన వాటా రొట్టె పెట్టింది.

యంత్రం నేర్చుకుంటుందని సారు మొదటే చెప్పాడు. అది నేర్చుకుంది.

ఇంత నికార్సైన బలహీనత దానికి జిల్లాలో ఎన్నడూ దొరకలేదు. లసుమవ్వ పేరున వచ్చిన డేటాను ప్రామాణికంగా పెట్టుకుని మళ్లీ చదువుకుంది. ఇకమీదట బలహీనుడంటే అట్లా తల విదిలించాలి, అట్లా నిలబడాలి, అట్లా అహర్నిశలు సన్నగా కంపించాలి. పక్షవాతంతో మంచాన పడ్డ మగ్గం రాజీరుకు కబురొచ్చింది: "లయబద్ధ కంపనం లోపించినందున మీరు దృఢులు." తుంటి విరిగిన కుమ్మరి బాలవ్వకూ అదే కబురు. నెల తిరిగేసరికి జిల్లాలో పదకొండు వేల మంది బలహీనుల్లో నలభై మంది మిగిలారు. జిల్లా నుంచి బలహీనత దాదాపు నిర్మూలింపబడినదని పత్రికా ప్రకటన వెలువడింది. జిల్లాకు బహుమతి కూడా ప్రకటించారు. ఆ నలభై మంది ఎవరో రేగుంటలో అందరికీ తెలుసు. ఇంట్లో బర్రె ఉండి, తమ కడెం కూడా దాని కొమ్ముకు కట్టినవాళ్లు.

బహుమతికి ముందు ఒక లాంఛనం. జిల్లాకే ప్రామాణిక బలహీనురాలైన లసుమవ్వను స్వయంగా సన్మానించాలి. ప్రభంజన్ రావు గారు శాలువా, పండ్లబుట్టతో వచ్చారు. వెంట యంత్రాన్ని తయారుచేసిన ఇంజినీరమ్మ వచ్చింది, ముప్పై లోపు పిల్ల. ఫోనులో బాణం గుర్తు చూపిస్తున్న దారిలో ఇద్దరూ ఖాజాబీ కొట్టంలోకి నడిచారు. బాణం ఆగింది.

ఇంజినీరమ్మ కొమ్మును చూసింది. కొమ్ముకున్న కడెం చూసింది. ఫోను చూసింది. మళ్లీ కొమ్మును చూసింది.

"సార్. ఇది బర్రె."

ప్రభంజన్ రావు గారు దగ్గరికి వెళ్లి పరికరం సంఖ్యను పైకి చదివారు, ఫైల్లో సంఖ్యతో పోల్చుకున్నారు. ఇది తప్పంటే నలభై మంది తప్పు. నలభై తప్పంటే పదకొండు వేలు తప్పు. పదకొండు వేలు తప్పంటే బహుమతి తప్పు.

"సంఖ్య సరిపోలినది," అన్నారు చివరికి. "జాతి అనే గడి మన దరఖాస్తులో లేదు."

"సార్, మేం నాలుగు వందల మందిని మా ఆఫీసు వరండాలో నడిపించి దీనికి నేర్పినం. అందులో ఒక్కరు కూడా కూర్చొని పని చేసేవాళ్లు లేరు. తప్పు అక్కడే..."

"అమ్మాయీ, తప్పు అనే పదం నివేదికలో వాడరు. నేర్చుకొను అవకాశం అంటారు."

శాలువా బేగం మీద కప్పారు. బేగం తల విదిలించింది. ఫోటోగ్రాఫరు బాగా వచ్చిందన్నాడు. పండ్లబుట్ట బేగం ముందు పెట్టారు, అది సన్మానగ్రహీతలందరిలోకీ ఎక్కువ నిజాయితీగా అక్కడికక్కడే తినేసింది.

కొట్టం మూల నులక మంచం మీది నుంచి లసుమవ్వ పిలిచింది. "సారూ. నేను లసుమవ్వను. ఇటు సూడుండ్రి."

"మీ పరికరం ఏదమ్మా?"

"అగో, దాని కొమ్ముకున్నది."

"అయితే మీ వివరాలన్నీ దాని దగ్గరే ఉన్నవి. పరికరం ధరించినవారే లబ్ధిదారు. పరికరం లేనివారు..." ఆయన సరైన మాట కోసం వెతుక్కున్నారు. "పరికరం లేనివారు పథకం దృష్టిలో ఇక్కడ లేరు."

"నేనీడ లేనా?"

"మీరు ఉన్నారు. నమోదు కాలేదు."

ఖాజాబీ అప్పుడు అన్న మాట అచ్చులో పెట్టడానికి వీల్లేదు. ప్రభంజన్ రావు గారికి ఉర్దూ రానందువల్ల దాన్ని ధన్యవాదంగా స్వీకరించారు.

వెళ్తూ వెళ్తూ ఒక ఉత్తర్వు ఇచ్చి వెళ్లారు. ప్రభుత్వ దూది పరికరధారికి తప్ప ఇతరులకు వాడరాదు. స్వరూప సంచీకి కూడా ఒక బిళ్ల కట్టారు, ఫోటోలు తనిఖీ చేయడానికి ఒక గుమాస్తాను వేశారు. అప్పటి నుంచి స్వరూప వారానికి మూడుసార్లు వచ్చి బేగం కొమ్ముకు కట్టు కట్టి, ఫోటో తీసి పంపి వెళ్లేది. మొదటి రోజు ఏడ్చింది. తర్వాత ఏడవలేదు, లసుమవ్వ మంచం వైపు చూడడం మానేసింది. చూడకపోవడం ఆమెకూ నేర్పారు చివరికి.

కడెం తీసి లసుమవ్వ చేతికి మళ్లీ తొడిగితే? తొడిగారు. గంటలో జారి చాటలో పడింది. దారంతో బిగించారు. యంత్రం ముప్పై వేల అడుగులు లెక్కపెట్టి, "ప్రామాణిక బలహీనురాలు అద్భుతంగా కోలుకున్నారు, పథకం విజయానికి నిదర్శనం" అని రాసుకుంది. దాంతో స్కూటీ రావడం కూడా ఆగిపోయింది.

ఉడకబెట్టిన చీరపేలికలు మూడు వారాలు ఆపాయి. నాలుగో వారం బొటనవేలు నల్లబడింది. పెద్దాసుపత్రిలో చీటీ రాసే మనిషి పథకం సంఖ్య అడిగి, ఫోనులో కొట్టి, "ఈమె దృఢం అని వస్తోంది గదా, వేలెందుకు తీస్తున్నరు?" అని డాక్టరును అడిగాడు. డాక్టరు వేలు చూపించాడు.

వేలు తీసిన మూడోరోజు లసుమవ్వ ఇంటికి వచ్చింది. ఐదోరోజు చాట ఒళ్లోకి తీసుకుంది.

"అప్పుడేనా?" అంది ఖాజాబీ.

"పోయింది కాలివేలు. సుట్టేది చేతివేళ్లతోని గద."

"అవ్. ఇగ రేపటి సంది తొమ్మిది వేళ్లతోని ఇరవై కిలోమీటర్లు నడిసినవని ఇంకో శాలువా తెస్తరు. బేగానికి ఒకటున్నది. ఈసారిది నీకే."

లసుమవ్వ నవ్వింది. నవ్వి, ఎడమకాలు కొంచెం పక్కకు జరుపుకుంది, ఎవరూ తొక్కకుండా.

అదీ సంగతి. బొటనవేలు ఎట్లాగూ తిరిగి ఇవ్వలేరు, మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకా నాలుగున్నాయి. డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు: కట్టు సరిగ్గా మారకపోతే నెలలో రెండోది. కనుక ఇంకో కమిటీ వెయ్యకండి. కడెం బదులు నడుంపట్టీ తేకండి. దరఖాస్తులో కర్మ అనే గడి, జాతి అనే గడి కొత్తగా పెట్టించి దాన్ని సంస్కరణ అనకండి. యంత్రానికి బీడీలు చుట్టడం నేర్పుతామనకండి, అది నేర్చుకునేలోపు పాదం పోతుంది. స్వరూప మీది మెమో చింపేయండి. ఎవరింటికి పోవాలో ఆమె కళ్లే తేల్చనివ్వండి, రాజీరుకూ, బాలవ్వకూ, మిగిలిన పదకొండు వేల మందికీ.

రేపు సోమవారం. పొద్దున తొమ్మిదింటికి స్కూటీ చప్పుడు వినిపించాలి. సంచీలో దూది ఉండాలి. స్వరూప వెనక సీటు మీద మీలో ఒకరు కూర్చుని రావాలి. వచ్చి, లసుమవ్వ అరుగు ముందు కింద కూర్చుని, ఆ కాలు మీ చేతుల్లోకి తీసుకుని, మిగిలిన వేళ్లు లెక్కపెట్టాలి. కంటితో.